ఆ దుప్పట్లు తెల్లవి కావు

జూన్ 3

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోల కవరు అందింది. కవరు చింపింది నేనే, చూసింది నేనే, తిట్టిందీ నేనే. రాస్తున్నది మాత్రం మా కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న టీచరమ్మ. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, అందం చెయ్యొద్దన్నాను. నా మొహానికి నువ్వు చేసిన అందం చాలు.

నువ్వూ, మీ ఆయనా, మీ పాప పిచ్చుకా క్షేమమే అనుకుంటాను. నేను గట్టిగానే ఉన్నాను. చెవులు మాత్రం పూర్తిగా పోయాయి. ఫోన్లో నువ్వెంత అరిచినా నాకు ఈగ మోతే, అందుకే ఈ ఉత్తరాలు. నీ ఉత్తరమొస్తే టీచరమ్మ నా చెవి దగ్గర అరిచి చదువుతుంది. కుట్టు నేర్చుకోవడానికొచ్చిన పిల్లలంతా వింటారు. కాబట్టి మీ ఆయన మీద చాడీలు రాసేటప్పుడు కాస్త చూసుకుని రాయి.

ఇక అసలు సంగతి. మీ నాన్న పోయాక ఆ స్లైడు పెట్టెలు నీకు రావడం న్యాయమే, కన్నకూతురివి. అట్ట చట్రాల్లో బిగించిన ఆ బుల్లి ఫిల్ము ముక్కల్ని పెద్ద బొమ్మలు చేసి నాకు పంపడం నీ మంచితనం. కాదనను. కానీ ఆ కంపెనీ లాండ్రీ దొడ్డి ఫొటో ఉంది చూడు, తాళ్ళ నిండా దుప్పట్లు, ముందు నేను, నీళ్ళ ట్యాంకు మెట్టు మీద మీ మామయ్య. అందులో నేను ఏట్లోంచి తీసిన శవంలా ఉన్నానే! పెదాలు నీలం. మీ మామయ్య చెవులు నీలం. వెనక చెట్టు ఆకులు సీసం రంగు. సరే, పాత ఫిల్ము కదా అని ఊరుకుందును. మరి దుప్పట్లు మాత్రం పాలనురుగులా మెరుస్తున్నాయేం? మనుషులందరి ప్రాణం తీసి దుప్పట్లకి పోశావా?

ఆ దుప్పట్లు తెల్లవి కావు. నేను ఉతికాను, నేను ఆరేశాను, నాకు తెలుసు. నీ మిషను ఎలా చూసిందో నాకక్కర్లేదు. ఉన్నదున్నట్టు ఇంకో బొమ్మ తీసి పంపు.

(ఇక్కడ మీ మిషనును ఒక మాట అన్నారు. అది రాయలేదు. — టీచరు)

సంతకం బదులు వేలిముద్ర వేస్తానంటే ఈవిడ నవ్వుతోంది. నవ్వనీ.

నీ మేనత్త


జూన్ 10

అత్తా,

నీ ఉత్తరం చదివి మీ అల్లుడు కడుపు పట్టుకుని నవ్వాడు. చాడీలు రాయొద్దన్నావుగా, అందుకని ఇంతకంటే ఏమీ చెప్పను.

నీ మొహం నీలంగా వచ్చినందుకు నిజంగా సారీ. అది నా తప్పే, తొందరలో చేశాను. ఎలా జరిగిందో చెప్తాను. ప్రెస్‌లో రోజంతా నేను చేసే పనే ఇది. స్లైడు ఫిల్ములో మూడు రంగుల పొరలుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి మూడూ ఒకే తీరున వెలిసిపోవు. ఒకటి ముందు పోతుంది, మిగిలినవి బొమ్మంతా ఆక్రమిస్తాయి. ఇక ఎర్ర గాజుపలకలోంచి చూసినట్టో, బొమ్మని టీ నీళ్ళలో ముంచినట్టో ఉంటుంది. ఆ పైపూత రంగుని తీసెయ్యాలి. అందుకు బొమ్మలో కచ్చితంగా తెల్లగా ఉండాల్సిన వస్తువు ఒకటి వెతికి, కంప్యూటర్లో దాని మీద బాణం పెట్టి, ఇదే తెలుపు అని చెప్తాం. మిగతా రంగులన్నీ దాన్ని బట్టి సర్దుకుంటాయి. ఆ ఫొటోలో ఆసుపత్రి దుప్పట్ల కంటే తెల్లనిది ఇంకేముంటుంది చెప్పు? అందుకే వాటి మీద పెట్టాను.

మొహాలు ఎందుకు నీలమయ్యాయో మాత్రం నాకూ అంతుపట్టలేదు. ఇప్పుడు మొహాల్ని విడిగా దిద్దాను. మామయ్య ఎంత అందంగా వచ్చాడో చూడు, కళ్ళు ముత్యాల్లా ఉన్నాయి.

ఇంత హడావిడి ఎందుకంటే, మా కొత్త కాలనీ క్లబ్ హౌస్ గోడకి పాతకాలం ఫొటోలు పెడదామన్నారు. నాన్న కంపెనీ ఫొటోగ్రాఫరని తెలిసి ప్రెసిడెంటుగారు నన్నే అడిగారు. కాలనీ కట్టింది పాత కంపెనీ స్థలంలోనే కదా! నీ దుప్పట్ల ఫొటో నిలువెత్తున వేస్తారట. నువ్వు గోడెక్కుతున్నావు అత్తా!

ఇల్లు బాగుంది. పాత ఇంట్లోలా బిందెలతో పడిగాపులు లేవు. కాలనీకి సొంత బోరు, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళే. ఒక్కటే చిరాకు. కొత్త వాషింగ్ మిషను కొన్నామా, తువ్వాళ్ళు నాలుగు ఉతుకులకే మాసిపోయినట్టు అవుతున్నాయి. పిచ్చుక స్కూలు మేజోళ్ళయితే చెప్పక్కర్లేదు. అది పేరుకు తగ్గట్టే తింటోంది, మరీ పిచ్చుకలా. కొత్త చోటు కదా.

నీ మేనకోడలు


జూన్ 17

అమ్మడూ,

మొహాలు విడిగా దిద్దావా? బాగుంది. దుప్పటి ఒకలా, మనిషి ఒకలా, ఎవరికి ఏ రంగు కావాలంటే ఆ రంగు. పెళ్ళిచూపులకా నన్ను తయారు చేస్తున్నావు?

మీ మామయ్య కళ్ళు ముత్యాల్లా ఉన్నాయని రాశావు. టీచరమ్మ చేత ఆ ముక్క రెండోసారి చదివించుకున్నాను. ఆ తర్వాత కాసేపు ఉత్తరం పక్కన పెట్టించాను.

నా వ్యాజ్యం ఏమిటో నీకెవరూ చెప్పి ఉండరు. చెప్పినా, అత్త దుప్పట్లు పాడు చేసి ఉద్యోగం పోగొట్టుకుందనే చెప్పి ఉంటారు. ఇప్పుడు నా నోటితో విను.

పొడి కంపెనీ అనేవాళ్ళు దాన్ని. బస్తాల్లో పొడి పోయేది. ఏ పొడో మాకు చెప్పలేదు, మేం అడగలేదు. ఆసుపత్రి దుప్పట్లూ, గెస్ట్ హౌసు దుప్పట్లూ నేను ఉతికేదాన్ని. దొడ్లో బావి, దాని పక్కనే ట్యాంకు. మొదట్లో ఆ నీళ్ళు అద్దమే. ఓ చలికాలం, బావి వైపు తాడు మీద ఆరేసిన దుప్పట్లు పచ్చబడ్డాయి. సబ్బు మార్చాను. ఉడకబెట్టాను. చేతులు పుళ్ళు పడేదాకా బాదాను. ఎంత ఉతికితే అంత పచ్చన. అవతలి చివర తాడు మీదవి బయటి కుళాయి నీళ్ళలో ఉతికినవి, వాటికి ఏమీ లేదు. నీళ్ళలో ఏదో ఉందయ్యా అని మేనేజరు దగ్గరికి దుప్పటి పట్టుకెళ్ళి చూపించాను. ఆయనేమన్నాడో తెలుసా? "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. ముందు నీ కళ్ళు చూపించుకో" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. మీ నాన్న కూడా అక్కడే ఉన్నాడు, మెళ్ళో కెమెరా వేసుకుని. వాడూ నవ్వాడు. పెద్దగా కాదు. కానీ నవ్వాడు.

తర్వాత కామెర్లు నాకు రాలేదు, మీ మామయ్యకి వచ్చాయి. దొడ్డికి కాపలా ఆయనే, దాహమైతే ఆ బావి నీళ్ళే తాగేవాడు. నీ దగ్గరున్న ఫొటోలో కూర్చున్నాడు చూడు, అప్పటికే కళ్ళు పచ్చబడ్డాయి. మళ్ళీ చలికాలం ఆయన చూడలేదు. దుప్పట్లు నాశనం చేసిందని నన్ను పంపేశారు.

ఓసారి మీ నాన్న గదిలో దీపమార్పి, గోడ మీద ఆ బొమ్మలు వేసి చూపించాడు. పచ్చటి దుప్పట్లు, పచ్చటి కళ్ళు, గోడంత! "చూశావా!" అని లేచి నిలబడ్డాను. "అది ఫిల్ము దోషం అక్కా, పాతబడితే అలాగే అవుతుంది" అన్నాడు. తీసి ఏడాది కూడా కాలేదు, అప్పుడే పాతబడిందట. ఇప్పుడు నువ్వూ అదే పాట. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

ఒకటి అడుగుతాను, చెప్పు. మీ నాన్న ప్రతి రీలు మొదట్లోనూ నా చేత ఓ బూడిదరంగు అట్టముక్క పట్టించి ఫొటో తీసేవాడు. దొంగలకి పలకిచ్చి తీసినట్టు. ఎందుకురా అంటే, రంగులకి సాక్షి అనేవాడు. ఆ బొమ్మలేవీ? ఒక్కటీ పంపలేదేం?

తువ్వాళ్ళ సంగతి రాశావు. సబ్బుపొడి దోసిళ్ళతో పోస్తావు, సరిగ్గా జాడించవు, తప్పు మిషనుది. మీ తరానికి ఉతకడం ఏం తెలుసు!

నీ మేనత్త


జూన్ 25

అత్తా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను.

మామయ్య గురించి తెలియక రాశాను, క్షమించు. నువ్వు పడింది చిన్న కష్టం కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరి చొక్కా మరకపడినా "అత్త ఉతికిందా?" అనేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

కానీ నాన్నని అలా అనకు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఫిల్ము సరిగా కడగకపోతే ఏడాదిలోపే పసుపెక్కిన సందర్భాలు ఉన్నాయి, నేను చూశాను. ఆయన నీకు చెప్పింది నిజమే అయి ఉండొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత ఒక రంగు నీకు కచ్చితంగా గుర్తుందంటే నేను ఎలా నమ్మను? కళ్ళ కంటే జ్ఞాపకమే తొందరగా రంగు మారుతుందని మా ప్రెస్‌లో అంటారు.

అట్ట పట్టుకున్నవి ఉన్నాయి. చట్రం మీద నాన్న పెన్సిలుతో సున్నా చుట్టేవాడు. అన్నిట్లోనూ నువ్వు అట్ట పట్టుకుని ఎవరినో కొట్టబోతున్నట్టు చూస్తుంటావు. గోడకి పనికిరావని బిస్కెట్ల డబ్బాలో పడేశాను.

గోడ ఫొటోలు అచ్చుకి వెళ్ళిపోయాయి. వచ్చే నెల ఐదున ప్రారంభం. అవి ఇప్పుడు ఆపితే ప్రెసిడెంటుగారికి ఏం చెప్పను? మేం ఇక్కడ బతకాల్సిన వాళ్ళం అత్తా. ఇరుగుపొరుగు ఇంకా సరిగ్గా పలకరించను కూడా లేదు.

కోపంగా ముగించడం ఇష్టం లేదు. ఒక సరదా సంగతి చెప్తాను. పాత కంపెనీ గుర్తుగా అన్నీ పడగొట్టి ఒక్క నీళ్ళ ట్యాంకుని మాత్రం ఉంచారు. మా ఇంటి పెరటి గోడ అవతలే. తెల్ల రంగేసి చుట్టూ లైట్లు పెట్టారు. మూడు కాళ్ళ ట్యాంకు, భలే ముద్దుగా ఉంటుంది. పిచ్చుక దానికి ఒంటె అని పేరు పెట్టింది. అది మొన్న స్కూల్లో బల్ల మీద తలవాల్చి నిద్రపోయిందట. ఒళ్ళు నలతగా ఉంది, కొత్త నీళ్ళు ఒంటికి పట్టాలిగా అన్నారు డాక్టరుగారు.

మీ అల్లుడు నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

నీ మేనకోడలు


జూలై 2

అమ్మడూ,

చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదేనే.

ట్యాంకుకి మూడు కాళ్ళన్నావు. అందులో ఒక కాలికి కింద ఇటుకలు కట్టి ఉన్నాయా? లారీ గుద్దితే వంగిపోయింది, మీ మామయ్యే తన చేత్తో ఇటుకలు పేర్చి కట్టాడు. వెళ్ళి చూడు. రంగేసినా ఇటుక ఇటుకే, తెలుస్తుంది. ఉంటే నువ్వు కాపురముంటున్నది నా దొడ్లో. నీ బోరు దిగింది నా బావి పక్కన.

నీ తువ్వాళ్ళకి సబ్బు కారణమన్నాను. ఆ మేనేజరు నన్నన్న మాట నేను నిన్నన్నాను. నా నోరు కాలిపోను.

నువ్వు నమ్మవు. నేను చెప్తే నమ్మవని నాకు తెలుసు. అందుకే ఈ కవర్లో ఓ గుడ్డముక్క పెట్టించాను. టీచరమ్మ తానులోంచి కత్తిరించింది. నీళ్ళు తాకని కోరా కాదు, మిల్లులోనే చలువ చేసిన తెలుపు. సగం దాకా మాత్రమే మీ ఇంటి నీళ్ళలో ముంచి ఉతుకు. చేత్తో ఉతుకు, మిషనులో వెయ్యకు, సబ్బు పెట్టకు. ఆరబెట్టి మళ్ళీ ఆ సగమే ఉతుకు. నాలుగైదు సార్లు. రెండో సగం తడవనివ్వకు. రెండు సగాలూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఇక నా జ్ఞాపకంతో పనేముంది?

అందాకా పిచ్చుకని ఆ నీళ్ళు తాగనివ్వకు.

నీ మేనత్త

(ఇది ఆవిడ చెప్పకుండా రాస్తున్నాను. మీ ఉత్తరంలో ట్యాంకు ముక్క చదివిన దగ్గర్నుంచి ఆవిడ సరిగ్గా తినడం లేదు. "భయపడ్డానని తెలియకుండా రాయి" అన్నారు. — టీచరు)


జూలై 4

అత్తా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కోపం తగ్గలేదనుకుంటాను. నాకూ తగ్గలేదు. నిన్న ఆ కోపంతోనే బిస్కెట్ల డబ్బా తీశాను. నాన్న మాట నిజమని నీకు చూపించి తీరదామని.

సున్నా చుట్టిన స్లైడొకటి స్కానర్లో పెట్టాను. అదే దొడ్డి, అదే రోజు. నువ్వు అట్ట పట్టుకుని నిలబడ్డావు, వెనక తాళ్ళు. ఈసారి దుప్పట్ల మీద కాకుండా అట్ట మీద బాణం పెట్టి నొక్కాను. బూడిదరంగు ఎటూ మొగ్గదు, ఎరుపుకీ లేదు, నీలానికీ లేదు. రంగులకి సాక్షి అన్నాడంటే అదే.

అత్తా, నీ మొహంలోకి నెత్తురొచ్చింది. నిజంగా. చెట్టు ఆకుపచ్చగా మారింది, ఆకాశం ఆకాశంలా అయింది. దుప్పట్లు మాత్రం పసుపెక్కాయి. ఆ పసుపుని తెలుపు అని చెప్పినందుకే అప్పుడు మీ మొహాలు నీలమయ్యాయి. అవతలి చివర తాడు మీదవి తెల్లగానే ఉన్నాయి. బావి వైపు వచ్చేకొద్దీ ముదురుతూ, చివరి దుప్పటి పాత గాయానికి కట్టిన గుడ్డలా ఉంది. ఫిల్ము దోషమైతే బొమ్మంతా ఒకేలా ఉండాలి. ఒక తాడుని వదిలి ఒక తాడుని పట్టుకోదు.

మామయ్య కళ్ళు నువ్వన్నట్టే ఉన్నాయి. నేను వాటిని ముత్యాలు చేశాను.

ఇంకొకటుంది. దీన్ని నీకు రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. డబ్బా అడుగున సున్నా చుట్టిన స్లైడు మరొకటి దొరికింది. అందులో నువ్వు లేవు. పచ్చటి దుప్పటిని దగ్గర్నుంచి తీశాడు. దానికి ఆనించి అట్ట, అట్ట పట్టుకుని ఒక చెయ్యి. చిటికెన వేలికి గోరు లేదు. ఆ చెయ్యి ఎవరిదో నీకు నేను చెప్పక్కర్లేదు. నాన్న ఊరికే నవ్వలేదత్తా, పరీక్ష చేసి చూసుకున్నాడు. ఆయనకి తెలుసు. తెలిసే నీకు ఫిల్ము దోషమని చెప్పాడు.

ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఎవరి కోసమో తెలియలేదు.

రేపే ప్రారంభం. ఈ ఫొటోని ఎవరికీ చూపించే ధైర్యం నాకు లేదు. కంపెనీ పోయింది, మేనేజరు పోయాడు, నాన్న పోయాడు. ఇప్పుడిది ఎవరికి ఏం పనికొస్తుంది? నీకు తెలిస్తే చాలనిపించింది. నువ్వన్నదే నిజం. నీ దగ్గర ఆ మాట ఒప్పుకోవడానికే ఈ ఉత్తరం.

పిచ్చుక స్నానాల తొట్టిలోంచి రానని మారాం చేస్తోంది. దోసిళ్ళతో నీళ్ళు తాగేసి, ఒంటె నీళ్ళు తాగుతోంది చూడు అంటుంది. వెళ్ళి లాక్కురావాలి.

నీ మేనకోడలు


జూలై 12

అత్తా,

నీ గుడ్డముక్క నేను ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే వచ్చింది. కవరు చేత్తో పట్టుకుని అలాగే పెరటి గోడ దగ్గరికి వెళ్ళాను. తెల్ల రంగు కింద ఇటుకలు ఉన్నాయి. వంకరగా పేర్చినవి. వాటి మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

గుడ్డ ఉతికాను. నువ్వు చెప్పినట్టే, సగమే. మూడోసారి ఆరేటప్పటికే గీత తెలిసింది. మీ అల్లుడు మొదట ట్యూబులైటు వెలుగన్నాడు. పగలు చూపిస్తే, నీడన్నాడు. నాన్న అట్ట ఆయన కెమెరా పెట్టెలోనే ఉంది. దాన్ని గుడ్డ పక్కన పెట్టి ఫొటో తీసి చూపించాను. అప్పుడు వెళ్ళి పిచ్చుక నీళ్ళ సీసా వొంపేశాడు. తర్వాత ఇంట్లో ఉన్న బిందెలూ గిన్నెలూ అన్నీ వొంపేశాడు.

మేం ప్రస్తుతం మా ప్రెస్ వెనక గదిలో ఉంటున్నాం. ఇరుకే, కానీ నీళ్ళు వేరే. పిచ్చుకకి నెత్తురు పరీక్ష చేశారు. ఇంకా కాగితం రాలేదు.

ఇక గోడ సంగతి. ప్రారంభమైన మూడు రోజులకి క్లబ్ హౌస్‌కి వెళ్ళి నీ తెల్ల దుప్పట్ల ఫొటో దించేశాను. దాని చోట అట్ట పట్టుకున్న ఫొటో పెట్టాను, మామూలు సైజుదే, ప్రెస్‌లో తీసుకున్నాను. పక్కన నీ గుడ్డ ఫొటో కూడా. ప్రెసిడెంటుగారు వచ్చి చూసి, "ఏమ్మా, ఇంత పచ్చగా ఉందేం? మీరు రంగులు దిద్దుతారుగా, కాస్త దిద్దండి" అన్నారు. దిద్దాకే ఇలా ఉందండీ అన్నాను. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళల్లో మాత్రం లేదు. "ఇళ్ళన్నీ ఇంకా అమ్ముడు కాలేదమ్మా" అన్నారు నెమ్మదిగా. మర్నాడు వెళ్ళేసరికి గోడ మీద రెండు మేకులే ఉన్నాయి. చాలామంది నన్ను చూసి పక్క దారి పట్టారు. ఇంటికి తాళం వేసి వెళ్తుంటే ఎవరో వెనకనుంచి "కామెర్ల కళ్ళావిడ" అన్నారు. నీ కథ నేను వాళ్ళకెవరికీ చెప్పలేదత్తా. ఆ మాట వాళ్ళకి ఎక్కడ దొరికిందో!

నిన్న సాయంత్రం మాత్రం ఒకావిడ ప్రెస్ వెతుక్కుంటూ వచ్చింది. మా ఎదురింటావిడ, ఇంతకుముందు నాతో మాట్లాడింది లేదు. సంచిలోంచి చంటిపిల్లాడి బనీను తీసి బల్ల మీద పెట్టింది. "ఇది కొన్నప్పుడు తెల్లది" అంది. అంతే. అట్ట తీసి దాని పక్కన పెట్టాను. మేమిద్దరం చాలాసేపు దాన్నే చూశాం.

సగం ఉతికిన గుడ్డ ఇందులో పెడుతున్నాను. నువ్వు చూసి చెప్పు. ఇంకెవరు చెప్పినా నేను నమ్మలేను.

పిచ్చుక ఇప్పుడు బాగానే ఉందనుకుంటాను. మొహం కాస్త పాలిపోయింది, అంతే. ఈ గదిలో వెలుతురు తక్కువ, ఏదీ సరిగ్గా కనపడదు.

నీ మేనకోడలు


జూలై 17

అమ్మడూ,

గుడ్డ అందింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఆ రంగే. ఇన్నేళ్ళయినా దానికేమీ వయసు రాలేదు. టీచరమ్మ చూసింది, కుట్టుకొచ్చే పిల్లలూ చూశారు, ఎవరూ నవ్వలేదు. ఒక గదిలో ఇంతమంది నవ్వకుండా నా మాట వినడం నాకిదే మొదలు. కానీ సంతోషం రాలేదే. గెలిచిన వ్యాజ్యం ఇలా ఉంటుందని తెలిస్తే ఓడిపోయే ఉండేదాన్ని.

మీ నాన్న చెయ్యి గురించి రాశావు. తెలిస్తే చెప్పొచ్చుగా అంటావు. చెప్తే వాడి ఉద్యోగం పోయేది. చెప్పలేదు కాబట్టి నాది పోయింది. అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. వాడు ఎవర్ని చూసుకున్నాడో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన క్షమించానని ఎవరితోనూ అనకు. కానీ ఆ స్లైడుని వాడు పారెయ్యలేదు చూడు. దాన్ని కాల్చెయ్యడానికి అగ్గిపుల్ల చాలు. వాడు సున్నా చుట్టి దాచాడు. పిరికివాడు చెయ్యగలిగింది అంతే, అదైనా చేశాడు. దాన్ని భద్రంగా ఉంచు. ఆ ఎదురింటావిడ బనీనుకి తీసిన ఫొటో కూడా. ఇంకెవరైనా సంచి పట్టుకుని వస్తే వాళ్ళవీ తియ్యి. వస్తారు. సిగ్గుపడి ఒకరికి తెలియకుండా ఒకరు వస్తారు. ప్రతిదాని పక్కనా అట్ట పెట్టు.

నేను బయల్దేరుతున్నాను. టీచరమ్మ తోడొస్తానంది, రెండు రోజుల్లో మీ గుమ్మంలో ఉంటాం. గది ఇరుకని రాశావు, ఓ మూల నన్ను మడిచి పడెయ్యి, దుప్పట్లు మడిచిన చేతులే నావి. ఆ ప్రెసిడెంటు గేటు దగ్గర ఆ అట్ట పట్టుకుని నిలబడతాను. అప్పుడు మీ నాన్న పట్టుకోమంటే పట్టుకున్నాను. ఈసారి ఎందుకు పట్టుకున్నానో అడిగినవాడికల్లా చెప్తాను. చెవులు లేవుగా, వాళ్ళు ఏమన్నా నాకు వినపడదు.

ఇదంతా తర్వాత. ఈ ఉత్తరం అందగానే ముందు ఒక పని చెయ్యి.

మొహం కాస్త పాలిపోయిందని రాశావు. గదిలో వెలుతురు తక్కువ, ఏదీ సరిగ్గా కనపడదని రాశావు. మీ మామయ్య విషయంలో నేనూ అలాగే అనుకున్నాను. దీపం గుడ్డిదనుకున్నాను. నెత్తురు కాగితం కోసం కాచుకుని కూర్చోకు. పిచ్చుకని ఎత్తుకుని బయటికి తీసుకురా, పగటి వెలుగులోకి. కింది రెప్ప కాస్త లాగి, కంటి తెలుపు చూడు. ఫొటో తియ్యకు, కంప్యూటర్లో పెట్టకు. నీ కళ్ళతో చూడు.

చూసి ఉన్నదున్నట్టు నాకు చెప్పు. నాకు తెలుపు అని చెప్పడం కోసం తెల్లగా చూడకే, తల్లీ.

నీ మేనత్త